మైపాడు రాణి

షాహీనాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. పశువైద్య కళాశాలలో పదహారేళ్లుగా కుక్కల రక్తం మీదే ఆమె పని. పాఠం చెబుతూ కూడా గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూనే ఉంటుంది. గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే తండ్రి ఇమామ్ సాహెబ్‌ను ఎవరైనా కూతురి గురించి అడిగితే, కుక్కల డాక్టరని చెప్పి మాట మార్చేస్తాడు.

ఆరేళ్లుగా ఆమెకు ఒకటే ధ్యాస. సముద్రపు ఒడ్డున మైపాడులో చేపలమ్మే గంగాభవాని ఇంట పుట్టే మగ కుక్కపిల్లలు కొన్ని చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోతున్నాయి. ఆ జబ్బు తల్లి నుంచి వస్తుంది, తల్లికి మాత్రం ఏమీ కాదు. ఆ తల్లి పేరు రాణి. రాణి సంతానానికి షాహీనా వంశవృక్షం గీసి, వ్యాసం రాసి, పరిశోధన పత్రికకు పంపింది. వాళ్లు ఒప్పుకున్నారు. ప్రొఫెసర్ కావడానికి ఆ ఒక్క వ్యాసమే తక్కువ. అచ్చుకు ముందు రాణి వయసు రాయమన్నారు.

ఫోనులో అడిగితే సరిపోయేది. మనసు నిలవక తానే వెళ్లింది.

గంగాభవాని ఎండుచేపలు తిరగేస్తూ, రాణి తన పెళ్లినాటి నుంచీ ఉందని చెప్పింది. పెళ్లయి ఇరవై రెండేళ్లట. అన్నేళ్లు ఏ కుక్క బతుకుతుందని షాహీనా నవ్వబోయింది.

"అదే కుక్క ఎట్టుంటాది మేడమా? ఒకటి పోతే ఇంకోటి తెచ్చుకుంటాం. మా ఇంట ఆడకుక్క ఏదైనా రాణే. మా అత్త పెట్టిన పేరు, మార్చకూడదంట."

ఈ ఆరేళ్లలోనే రాణులు మూడు మారాయి, ఒక్కొక్కటి ఒక్కో ఊరి నుంచి. రక్తం తీసుకెళ్లింది విద్యార్థులు, షాహీనా చదివింది సీసాల మీది పేరు. ఆమె గీసిన చెట్టులో చుట్టరికమే లేని మూడు కుక్కలు ఒకే తల్లయి కూర్చున్నాయి.

షాహీనా మొహం చూసి గంగాభవానికి జాలేసింది.

"ఏదో ఒకటి రాసేయండి మేడమా. కుక్కొచ్చి అడగతాదా?"

నిజమే, ఎవరూ అడగరు. ఫోను తీసి ఎనిమిదేళ్లని కొట్టింది, చెరిపేసింది, మళ్లీ కొట్టింది. గంగాభవాని మీద పట్టరాని కోపం వచ్చింది. కానీ ఆమె ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఏ రాణి అని ఆమెను అడిగినవాళ్లే లేరు.

కొట్టినది చెరిపేసి, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాసి పంపించి, షాహీనా అక్కడే ఏడ్చేసింది.