హార్మోనియం ముందు కొట్టిన కొబ్బరికాయ

మొన్న పొద్దున, మొయినాబాద్ పక్క పల్లె హిమాయత్‌నగర్‌లో మా ఇంటి ముందు కూర్చుని టమాటలు ఏరుతుంటే ఎవరో ఒకావిడ ఫోన్ చేసి, మొయినాబాద్‌లో పద్యాలు నేర్పే హార్మోనియం గురువు మీద ఒక పిల్ల ఫిర్యాదు చేసిందనీ, తాము ఏ నాటక సమాజానికీ చెందని బయటి కమిటీ వాళ్లమనీ, మీకు కూడా ఆయనతో ఏదైనా జరిగి ఉంటే చెప్పండనీ మర్యాదగా అడిగింది. మన వయసు వాళ్లకు ఫోన్ వస్తే చావు కబురే కదా, ఇది మాత్రం నాకు పెళ్లిపిలుపులా వినబడింది. ఎప్పుడు రమ్మంటారని వెంటనే అడిగాను.

నేను రాణి వేషం కట్టే రోజుల్లో మా మేనమామ నాటక సమాజం నడిపేవాడు. చేవెళ్ల చుట్టుపక్కల మా ఆట ఉందంటే జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. పద్యనాటకం సంగతి మీకు చెప్పనక్కరలేదు, కిరీటం రాజు పెట్టుకున్నా పెత్తనం మాత్రం హార్మోనియం వాయించేవాడిదే. మా సమాజంలో ఆ పెట్టె వాయించింది ఈ గురువే. ముఖానికి రంగు పూసుకున్నాక అందరం ఆ పెట్టెకు మొక్కి, గురువు కాళ్లకు మొక్కి తెర దగ్గరికి పోయేవాళ్లం. నా గొంతు ఏ శ్రుతిలో హాయిగా పలుకుతుందో నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

నాకు పెళ్లయిన కొత్తలో, ఒకనాటి మధ్యాహ్నం, కొత్త పద్యం నేర్పుతానని ఒక్కదాన్నే పిలిచి నడుము మీద చెయ్యి వేశాడు. విదిలించుకుని వచ్చి మేనమామకు చెప్పుకున్నాను. మేనమామ చెడ్డవాడు కాదు, కానీ హార్మోనియం లేకపోతే ఆట లేదు. సమాజంలో తగువు వస్తే ఆ పెట్టె ముందు కూర్చుని తేల్చుకోవడం మా ఆనవాయితీ, తీర్పు చెప్పేది దాని వెనక కూర్చున్న గురువే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు నా ఫిర్యాదు కూడా ఆయనే విన్నాడు, నవ్వుతూ విన్నాడు. "గురువు మీద నింద ఏస్తే సరస్వతి ఊకుంటదా బిడ్డా, కాయ కొట్టి మొక్కు" అన్నాడు మేనమామ. అందరూ చూస్తుండగా కాయ కొట్టి ఆ కాళ్లకే మొక్కాను.

అంతటితో ఊరుకున్నాడా అంటే, లేదు. ఆలూరులో ఆట ఆడుతున్నప్పుడు, అడవిలో రాణి ఏడ్చే పద్యం నేను ఎత్తుకోబోయే ముందు శ్రుతిని రెండు మెట్లు పైకి జరిపాడు. జనానికి అది తెలియదు, తెలిసినవాళ్లు నోరు విప్పరు. మొదటి పాదం ఎట్లాగో లాగాను, రెండో పాదంలో గొంతు కీచుమని చీలిపోయింది. వెనక నుంచి కుర్రాళ్లు వెటకారంగా వన్స్‌మోర్ అని అరిస్తే, ఆయన నా వైపే చూస్తూ మళ్లీ అదే శ్రుతి ఇచ్చాడు. ఆ తర్వాత ఏ ఊళ్లో ఆడినా అదే తంతు. ఆమెకు గొంతు పోయిందని చివరికి ఆయనే ప్రచారం చేశాడు, నా వేషం ఇంకొకరికి పోయింది. శంకర్‌పల్లిలో కూరగాయల గంప ముందు కూర్చుని, పద్యం ఎత్తిన గొంతుతో వంకాయలు వంకాయలని అరిచాను. ఆయన శాలువాలు కప్పించుకుంటూ పోయాడు, నేను శాపనార్థాలు పెడుతూ బతికాను.

షేర్ ఆటోలో మొయినాబాద్ వెళ్లాను. ఆ పిల్లది ఆలూరే, నా సంగతి వాళ్ల నాయనమ్మ ద్వారా విని కమిటీకి చెప్పిందట. తనకూ అదే చెయ్యి, అదే శ్రుతి. మమ్మల్ని విడివిడిగానే వింటామని కమిటీ వాళ్లు అన్నారు గానీ, నేను ఆయన ఎదుటే చెప్తానని పట్టుబట్టాను. ఆయన లోపలికి వస్తే ఒక్కరూ లేచి కాళ్లకు మొక్కలేదు, అది చూసే నాకు సగం కడుపు నిండింది. శ్రుతి ఎందుకు మార్చారని కమిటీ వాళ్లు అడిగితే, "గొంతు సాగాలని పెంచిన, నేర్పుట్ల గిదంత ఉంటది" అన్నాడు. "మరి మగోళ్లకు ఒక్కనాడన్న ఎందుకు పెంచలే సారూ" అన్నాను. ఆయన చెమట తుడుచుకుంటుంటే తనివితీరా చూశాను.

ఆయనను నేర్పే పనిలోంచి తీసేశారు, ఎందుకు తీసేశారో అన్ని సమాజాలకూ తెలియజేశారు, చేవెళ్లలో జరగాల్సిన సన్మానం ఆగిపోయింది. ఇప్పుడు ఆయన కోడలు రోజూ ఫోన్ చేస్తుంది. "అన్నం తింటలేడవ్వా, జర కమిటోళ్లకు ఒక్క మాట చెప్పి ఇడిపియ్యి" అని బతిమాలుతుంది. ఫోన్ ఎత్తుతాను, చివరిదాకా వింటాను, ఊ కొట్టి పెట్టేస్తాను. ఈ వయసులో పగలేమిటని మా అబ్బాయి విసుక్కుంటాడు. పాపమో పుణ్యమో గానీ, నాకు మాత్రం తియ్యగానే ఉంది.

కాలం మారిన మాట నిజం. ఆ పిల్లకు చెప్పుకోవడానికి ఒక చోటు దొరికింది, ఇంకా పాడుతోంది. ఆమెను చూస్తే సంతోషం కలుగుతుంది, దాచడమెందుకు, కడుపుమంట కూడా కలుగుతుంది. మా మేనమామ పోయాడు, నాతో వేషాలు కట్టినవాళ్లంతా పోయారు, జనంలో ఎవరైనా మిగిలినా వాళ్లకు గుర్తున్నది ఆలూరులో చీలిన గొంతే. బాగున్న రోజుల్లో నేనెట్లా పాడేదాన్నో తెలిసినవాడు ఈ భూమ్మీద ఆయన ఒక్కడే మిగిలాడు.