షార్ల్ శాఖ బల్ల

"...నియమం పెట్టింది నువ్వా, నేనా? ఏడు తరాలు చెప్పలేనివాడికి బల్ల లేదన్నది నువ్వే కదా బాబాయ్!"

"అన్నాను. అది దొసితేకి కూడా అని నీకెవరు చెప్పారే?"

ఓజీత్ బెలివో చేతిలోని కాగితాన్ని బల్ల మీద పడేసింది. శనివారం బెలివోల కుటుంబ సమ్మేళనం. చర్చి హాల్లో శాఖకో బల్ల, బల్లకో జెండా. ఎవరెక్కడ కూర్చోవాలో రాసే పని ఆమెది. దొసితే పసికందుగా సన్యాసినుల కాన్వెంటు మెట్ల మీద దొరికాడు. ఒక బెలివో ముసలమ్మ పెంచి ఇంటిపేరు పెట్టింది. ముప్పై ఏళ్లుగా సమ్మేళనానికి వండేదీ అతనే, వంటగదిలో నిలబడి తినేదీ అతనే. ఈసారి అతనికీ ఒక బల్ల దగ్గర చోటు రాయమని బాబాయి పట్టుబట్టాడు.

తెయోతీమ్ బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటి మనిషి ఎవరి మనవడో తేలేదాకా ముద్ద దిగదు. 1755లో ఇంగ్లీషువాళ్లు ఈ కెనడా తీరపు ఫ్రెంచివాళ్లను, అంటే అకాడియన్లను, ఇళ్లు తగలబెట్టి ఓడలెక్కించినప్పుడు ఏ కుటుంబం ఏ ఓడ ఎక్కిందో, ఎక్కడ దిగిందో, ఎన్నేళ్లకు కాళ్లీడ్చుకుంటూ ఈ తీరం చేరిందో ఆయనకు కంఠతా వచ్చు. కళ్లజోడు ఎక్కడ పెట్టాడో మాత్రం తెలియదు.

ఒకసారి పళ్ల డాక్టరు తన నోట్లో పరికరాలు పెట్టి ఉండగానే, మీ అమ్మ పుట్టిల్లు ఎక్కడని బాబాయి అతన్ని అడిగాడు. ఆ మూలుగు విని నొప్పేమోనని డాక్టరు ఇంకో సూది పొడిచాడు. బాబాయి మళ్లీ అడిగాడు. ఇంకో సూది. సాయంత్రానికి మూతి పక్కకు పోయిందిగానీ, ఆ డాక్టరు ముత్తమ్మమ్మ తన తాతకు మేనకోడలని తేల్చుకునే ఇంటికొచ్చాడు.

ఇంకోసారి కారు వేగంగా నడిపాడని పోలీసు ఆపాడు. బాబాయి అతని చొక్కా మీది ఇంటిపేరు చదివాడు.

"మెలాన్సన్‌వా? ఏ మెలాన్సన్? ఫిలడెల్ఫియాలో దిగినవాళ్లా, బోస్టన్‌లో దిగినవాళ్లా?"

"బోస్టన్ అని మా నానమ్మ అనేది."

"అయితే నాకు మనవడి వరస అవుతావురా!"

"అలాగే తాతయ్యా. ఇదిగో చలానా."

అటువంటి మనిషి ఇప్పుడు నియమం సడలించమంటుంటే ఓజీత్‌కు ఒళ్లు మండింది. వాళ్లది షార్ల్ శాఖ. ఓడలోంచి దిగిన నాలుగేళ్ల షార్ల్ మొదలు తనదాకా ఏడు తరాలూ తడుముకోకుండా చెప్పగలదు. హాల్లో మొదటి బల్ల వాళ్లదే.

"పళ్ల డాక్టర్ని అడిగావు, పోలీసుని అడిగావు. శవపేటిక మోసేవాణ్ణి ఆపి మరీ అడిగావు. దొసితేని ఒక్కరోజైనా నువ్వెవరి కొడుకువని అడిగావా? నీకూ వాడంటే లెక్కలేదు."

"అడిగితే వాడేం చెబుతాడే?"

బాబాయి లేచి వెళ్లి తలుపు వేశాడు. ఆయన మాట్లాడితే రేవుదాకా వినబడుతుంది. తలుపు వేసి మాట్లాడటం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆయన కోటు లోపలి జేబులోంచి ఒక కాగితం తీశాడు. బోస్టన్ పక్కన ఒక ఊళ్లో, ఆ ఓడల్లో వచ్చిపడ్డ అకాడియన్ల పేర్లు రాసుకున్న జాబితా నకలు.

"చదువు."

ఓజీత్ చదివింది. 'జోసెఫ్ బెలివో, భార్య, ముగ్గురు పిల్లలు. వారితో ఒక మగపిల్లవాడు, సుమారు నాలుగేళ్లు. ఓడలో దొరికాడు. తల్లిదండ్రులు తెలియరు. షార్ల్ అని పిలుస్తున్నారు.'

"ఈ షార్ల్..."

"మన షార్లే."

"అంటే మనం బెలివోలం కాదా?"

"రెండు వందల ఏళ్లకు పైగా అయ్యాంగా. ఇంకా ఎన్నేళ్లు కావాలి?"

"నీకు ఎప్పట్నించి తెలుసు?"

"నలభై ఏళ్లు. మీ నాన్న వల బాగుచేసుకుంటూ ఆ ఏడు పేర్లూ జపంలా చదువుకునేవాడు. చెప్పడానికి నోరు రాలేదు."

"శనివారం అందరి ముందూ చదువుతావా?"

"పిచ్చిదానా! చదివేవాణ్ణయితే తలుపెందుకు వేస్తాను?" అని ఆయన కాగితాన్ని ఆమె చేతిలోనే వదిలేశాడు. "నీ ఇష్టం. కావాలంటే పొయ్యిలో పెట్టుకో."

ఓజీత్ కాసేపు కాగితాన్ని మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. తర్వాత వంటగది తలుపు తోసింది. తురిమిన బంగాళాదుంపను గుడ్డలో వేసి దొసితే మోచేతులదాకా తడుపుకుంటూ పిండుతున్నాడు.

"ఏంటక్కా, ఉప్పు చూస్తావా?"

"శనివారం వంటకి వేరే మనిషిని చూస్తాను. నువ్వు షార్ల్ శాఖ బల్ల దగ్గర, నా పక్కన కూర్చుంటున్నావు."