దర్జీ తినని గుమ్మడికాయ సూప్

దర్జీ రోజూ పొద్దున కాఫీ మెట్ల మీద కూర్చుని తాగేవాడు. వంటింట్లో కలుపుకొని, గ్లాసు మీద చిన్న మూత బోర్లించి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, కింది అంతస్తుకు దిగే మెట్లలో గోడవారగా కూర్చునేవాడు. ఆ వాసన లోపల మంచం మీద ఉన్న భార్య దాకా వెళ్ళకూడదని అతని తాపత్రయం. ఆ వేళకు పనులకు పోయేవాళ్ళంతా ఆ మెట్ల మీదుగానే దిగాలి. ఇదేం చోద్యమని ఒక్కరూ అడగలేదు. పైవాటా పిన్నిగారు చేతిసంచి ఒంటికి అదుముకొని, తగలకుండా పక్కనుంచి దిగిపోయేది. ఒకనాడు అతను కూర్చునేచోట చిన్న చాపముక్క పరచి ఉంది. ఎవరు పరిచారో అతనూ ఆరా తీయలేదు. దేవుడు కొన్ని పనులు పేరు చెప్పకుండానే చేయిస్తాడు.

అతని భార్య సిటీ బస్సులో కండక్టరు. వీధి మొత్తానికి ఆమె కండక్టరమ్మ. వారమంతా ఊగే బస్సులో నిలబడి టికెట్లిచ్చిన మనిషి, ఆదివారం వచ్చేసరికి, "ఇవాళ నేను కూర్చుంటా, ఏం కావాలమ్మా అని ఇంకొకళ్ళు నిలబడి అడగాలి" అంటూ మొగుణ్ణి ఏదో ఒక హోటలుకు లాక్కుపోయేది. అది తిండిపోతుతనం కాదు, తిండి మీద గౌరవం. నచ్చితే వంటగది గుమ్మం దాకా వెళ్ళి, "చల్లగా ఉండు తల్లీ" అని చెప్పి వచ్చేది. దర్జీకేమో తిండి ధ్యాస తక్కువ. ఎలా ఉందని అడిగితే "బాగుంది" అనేవాడు. ఏం పెట్టినా అదే మాట.

"మీ నాలుక్కి కూడా అస్తరు కుట్టుకున్నారా ఏమిటి? లోపలికేం తెలిసి చావదు" అని ఆమె వేళాకోళం.

అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం బస్సులోనే మాట తడబడింది, మూతి పక్కకు తిరిగింది. డ్రైవరు దారి మార్చి బస్సును నేరుగా ఆసుపత్రికి తోలాడు. ప్రయాణికుల్లో ఒక్కరు కూడా మా స్టాపు దాటిపోయిందని అనలేదట. ఆ పుణ్యాత్ముల వల్లే చెయ్యీ కాలూ దక్కాయి. మాట కాస్త ముద్దగానైనా తిరిగొచ్చింది. మింగే శక్తి మాత్రం రాలేదు. మంచినీళ్ళు పోసినా దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయని, ముక్కులోంచి సన్నని గొట్టం వేసి, పాలలాంటి ఆహారం అందులోంచే పంపమన్నారు. నోటికేమీ ఇవ్వకూడదు.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే ఆమె హుకుం జారీ చేసింది.

"మీరు వెళ్ళి హోటల్లో తిని రండి."

"నువ్విలా ఉంటే నేనెలా తింటానే?"

"నేనిలా ఉన్నాననే తినమంటున్నా. తినొచ్చి నాకు చెప్పండి. బాగుంది అని ఊరుకుంటే కుదరదు. మొదటి ముద్ద నుంచీ చెప్పాలి."

దర్జీ వెళ్ళి వేయించిన చేప తెప్పించుకున్నాడు. వచ్చి చెప్పాడు. అతనికి తెలిసింది బట్టల భాష కాబట్టి ఆ భాషలోనే చెప్పాడు: "పైన గంజి పెట్టిన కాలరులా కరకరలాడింది. లోపలంతా దూదే." ఆమె కళ్ళు మూసుకొని విన్నది. తర్వాతి ఆదివారం పుట్టగొడుగుల వేపుడు. ఆ పై ఆదివారం పళ్ళెం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, గొట్టంలోంచి తిండి దిగుతుంటే పైకప్పు కేసి చూస్తూ పడుకునే భార్య ముఖం కళ్ళముందు నిలిచింది. ముద్ద దిగలేదు. చేతిరుమాల్లోకి తీసేసి లేచి వచ్చాడు. పార్కు బెంచీ మీద కూర్చున్నాడు. ఇంటికెళ్ళి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. తినని తిండిని అక్కడే కూర్చుని మెల్లగా కుట్టడం మొదలుపెట్టాడు.

అబద్ధమాడటం అతనికి అలవాటు లేని పని. కాని ఆ సాయంత్రం ఆమె ముఖం వెలిగింది. వెలిగిన దీపాన్ని చేజేతులా ఎవరు ఆర్పుకుంటారు? మరుసటి వారం ఉల్లిపాయలతో కాల్చిన కోడి కుట్టాడు. ఆ తర్వాత గుమ్మడికాయ సూప్ కుట్టాడు.

"మన వీధి మలుపులో పెద్దక్క హోటల్లో తిన్నాను. కాల్చిన వెల్లుల్లి వాసన, చివర్లో వెన్న. ఎంత మెత్తగా ఉందనుకున్నావు! పట్టుగుడ్డ మీద చెయ్యి జారినట్టు, గొంతులోంచి దానంతటదే జారిపోయింది. మింగానన్న సంగతే తెలీలేదు."

"దానంతటదేనా?"

"దానంతటదే."

ఆమె గొంతు మీద చెయ్యి పెట్టుకొని అలాగే పడుకుంది.

ఆసుపత్రిలో మింగడం మళ్ళీ నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. చల్లటి చెంచా నాలుక వెనక తాకించి "ఇప్పుడు మింగండి, ఇప్పుడు మింగండి" అంటూ ఉంటుంది. కండక్టరమ్మ ఆమెకు చెంచా అమ్మాయి అని పేరు పెట్టింది. ఆ అమ్మాయి ఒకరోజు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ముక్కు గొట్టం ఇంక ఎక్కువ రోజులు ఉంచకూడదండీ. బుధవారం తినిపించి చూస్తాను. మింగగలిగితే నోటి తిండి కొద్దికొద్దిగా మొదలుపెడదాం. లేకపోతే శుక్రవారం పొట్టకి చిన్న రంధ్రం చేసి గొట్టం అక్కడ పెడతారు. ఆ తర్వాత మళ్ళీ గొంతు సంగతి ఎప్పటికో, నేను చెప్పలేను."

"ఏం తినిపిస్తావు తల్లీ?" అంది కండక్టరమ్మ.

"మా దగ్గర ఒక తెల్లపిండి ఉంది. దానికి రుచీ పచీ ఉండదు. మీరు మనసుపడ్డ తిండైతే గొంతు తొందరగా మాట వింటుంది. చిక్కగా ఉండాలి, ఒక్క ఉండ కూడా ఉండకూడదు. ఏం తెప్పించమంటారు?"

"పెద్దక్క హోటల్లో గుమ్మడికాయ సూప్. దానంతటదే జారిపోతుందట. మావారు తిన్నారు."

దర్జీ తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు?

ముందు తనే వండి చూద్దామనుకున్నాడు. కొట్టు వెనక చిన్న స్టవ్వు మీద గుమ్మడికాయ ఉడకబెట్టి గరిటెతో మెదిపాడు. అడుగు మాడింది, పైనంతా పీచులు తేలాయి. ఆ పీచు ఒక్కటి అడ్డం పడితే చాలు. గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, దేవుణ్ణి తలుచుకొని, మలుపులోని హోటలుకు నడిచాడు.

బల్లలు తుడుస్తున్న పెద్దక్క మరిది అతని మాట విని గుడ్డ భుజాన వేసుకున్నాడు. "గుమ్మడికాయ సూపా? ఈ హోటలు పుట్టాక ఈ గుమ్మంలోకి గుమ్మడికాయ రాలేదండీ. మా వదినకి దాన్ని చూస్తేనే ఒళ్ళుమంట."

"ఎవరయ్యా అది?" లోపల్నుంచి కేక.

దర్జీ వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. పెద్దక్క ఉల్లిపాయలు తరుగుతూనే విన్నది.

"అంటే, నా హోటల్లో నేను వండని వంటని నువ్వు తినకుండా మెచ్చుకున్నావు."

"అవునక్కా."

"ఇంతకీ బాగుందా?"

మరిది ఫక్కున నవ్వాడు. నవ్వాలో ఏడవాలో దర్జీకి తెలియలేదు. పెద్దక్క మాత్రం నవ్వలేదు. కత్తి పక్కన పెట్టింది.

"వండుతాను. ఆవిడ నా వంట తిన్న మనిషి. కాని నువ్వు ఆవిడకి నిజం చెప్పాలి. నోట్లో పెట్టుకోకముందే చెప్పాలి. దానంతటదే దిగుతుందని నమ్మి గొంతు వదిలేసిందనుకో, అది ఎటు పోతుందో నీకు తెలుసా? ఏదీ దానంతటది దిగదు నాయనా. మింగాలి."

ఆ మాట దర్జీకి సూదిలా దిగింది. ఇన్నాళ్ళూ అతను తన సిగ్గు గురించే బాధపడ్డాడు. తన అబద్ధం ఆమె ప్రాణం మీదికి వస్తుందని అతనికి తోచలేదు.

బుధవారం పొద్దున పెద్దక్క ఒళ్ళుమంటను పక్కన పెట్టి గుమ్మడికాయ కోసింది. దర్జీ కొట్టులోంచి సన్నని కొత్త నూలుగుడ్డ ఉతికి తెచ్చాడు. మరిది ఒక కొస, దర్జీ ఒక కొస పట్టుకుంటే ఆమె అందులో పోసి వడగట్టింది. చాలక మళ్ళీ వడగట్టింది.

"వెన్న చివర్లో అన్నావు కదూ. ఎందుకు చివర్లో?"

"ఏమో అక్కా. నోటికొచ్చింది."

"నోటికొచ్చినా సరిగ్గానే వచ్చింది. ఇదిగో, రుచి చూడు."

"ముందు ఆమె తినాలి."

పెద్దక్క అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఆ చొక్కా నువ్వు కుట్టుకున్నదేనా? ఇంకో మనిషి కూడా పడతాడు అందులో." ఇంకేమీ అనకుండా సూప్‌ను ఫ్లాస్కులో పోసి, మూత బిగించి ఇచ్చింది.

చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే అతను ఆసుపత్రి వరండాలో నోరు తెరవలేకపోయాడు. ఒకసారి నర్సు వచ్చింది. ఇంకోసారి ఎవరో చక్రాల కుర్చీ తోసుకుపోయారు. మూడోసారి ఎవరూ రాలేదు, అయినా మాట రాలేదు. అంతలో లోపలికి పిలిచారు.

చెంచా అమ్మాయి కండక్టరమ్మను నిటారుగా కూర్చోబెట్టింది. ఫ్లాస్కు మూత తీయగానే వెల్లుల్లి వాసన గదంతా కమ్ముకుంది. కండక్టరమ్మ ముక్కుపుటాలు కదిలాయి. అమ్మాయి చెంచాలోకి తీసి, ఒంచి చూసింది. సూప్ కారిపోలేదు. చెంచా నుంచి మెత్తటి ముద్దలా విడివడింది. "బాగా కుదిరింది" అని మళ్ళీ చెంచా ముంచి పెదవుల దగ్గరికి తెచ్చింది.

"ఆగండి," అన్నాడు దర్జీ.

ఇద్దరూ అతని వైపు చూశారు.

"నేనిది తినలేదు. పెద్దక్క హోటల్లో ఇది దొరకదు. నేను చెప్పాక ఇవాళే వండింది. దానంతటదే జారుతుందన్నది నా కల్పన."

చెంచా గాలిలో ఆగింది. కండక్టరమ్మ ముఖంలో రంగు మారింది.

"పుట్టగొడుగులు?"

"అవి తిన్నాను. ఒట్టు."

"ఉల్లిపాయలతో కోడి?"

దర్జీ తల దించాడు.

"అదీ లేదా? ఎన్ని రాత్రులు అది తలుచుకుంటూ పడుకున్నానో!" ఆమె పెదవులు బిగించి గోడవైపు తిరిగింది.

చెంచా అమ్మాయి ఇద్దరి మధ్యా చిన్నబోయింది. "అమ్మా, ఇవాళ కాదంటే నాకింకో రోజు లేదు. శుక్రవారానికి అన్నీ సిద్ధం చేసుకున్నారు," అంది మెల్లగా. గోడవైపు తిరిగిన ముఖం కదల్లేదు. ఫ్లాస్కులోంచి ఆవిరి పలచబడుతోంది. తన చేతులతోనే ఆమె నోటికి కుట్లు వేశానని దర్జీకి అనిపించింది.

"మరి ఆ ఆదివారాలు మీరేం తిన్నారు?" గోడవైపు నుంచే వచ్చింది మాట.

"ఆకలెయ్యలేదు."

ఆమె ఇటు తిరిగింది. అతని మణికట్టు మీద జారి వేలాడుతున్న గడియారాన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"అయితే మీక్కూడా దిగలేదన్నమాట."

"లేదు."

"దేవుడా! ఈయనకి తెలీకుండానే జారిపోతోంది, నాకు మాత్రం ఉమ్ము కూడా దిగట్లేదు, లోపం నాలోనే ఉందని ఎంత హడలి చచ్చానో. ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదా!" చెయ్యి చాపి చెంచా తనే అందుకుంది. "ఇలా ఇవ్వమ్మా. జారేది కాదట. మనమే తొయ్యాలట."

"గడ్డం కిందికి. ఊపిరి బిగబట్టండి," అంటూ అమ్మాయి గొంతు మీద వేళ్ళు ఆనించింది. "ఇప్పుడు."

కండక్టరమ్మ నోరు మూసుకుంది. గొంతు కదల్లేదు. దర్జీ పెదవుల దాకా దేవుడి పేరు వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మెడ నరాలు తేలాయి, మంచం అంచును పట్టుకున్న చెయ్యి తెల్లబడింది. గొంతు ఇంకా కదల్లేదు.

అప్పుడు ఆ వేళ్ళ కింద ఏదో పైకి లేచి కిందికి దిగింది.

"ఆ అనండి," అంది అమ్మాయి.

"ఆ..."

గరగర లేదు. మాట పొడిగా, తేటగా వచ్చింది. రెండో చెంచా కూడా దిగింది. మూడోదానికి పొలమారింది. దగ్గు తెర తర్వాత తెర వచ్చి ముఖం ఎర్రబడింది. నర్సు పరుగున వచ్చి ముందుకు వంచి వీపు నిమిరింది. దర్జీ గోడకు అతుక్కుపోయాడు. దగ్గు తగ్గాక అమ్మాయి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి అటూ ఇటూ విన్నది, మళ్ళీ విన్నది.

"శుభ్రంగా ఉంది. దారి తప్పింది కాని, దగ్గి తనే బయటికి తెచ్చేసుకుంది. ఇవాళ్టికి చాలు. శుక్రవారం పని ఆపమని చెబుతాను. ముక్కు గొట్టం ఇంకొన్నాళ్ళు ఉంటుంది, రోజూ నాలుగు చెంచాలతో మొదలుపెడదాం."

కండక్టరమ్మ ఊపిరి కూడదీసుకుంటూ మొగుణ్ణి దగ్గరికి పిలిచింది.

"ఉప్పు తక్కువైంది. పెద్దక్కకి చెప్పండి. మీకు శిక్ష ఏమిటంటే, ఈ ఆదివారం నిజంగా తినాలి. బాగుంటే బాగుందని, చెత్తగా ఉంటే చెత్తగా ఉందని చెప్పాలి. కుట్టుపని కొట్లో చేసుకోండి."

అతను ఫ్లాస్కు పట్టుకొని హోటలుకు వెళ్ళేసరికి పెద్దక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. పొయ్యి మీద ఏదో పొంగుతోందని మరిది అరుస్తున్నా కదల్లేదు.

"దిగిందక్కా. రెండు చెంచాలు. మూడోది పొలమారింది."

"నిజం చెప్పావా?"

"చెప్పాను. ఉప్పు తక్కువైందంది."

"అయ్యుంటుంది. భయంతో వేశాను," అంది పెద్దక్క. ఫ్లాస్కు అందుకుని లోపలికి తిరగబోయింది.

దర్జీ అక్కడే నిలబడ్డాడు. చొక్కా అంచు సవరించుకున్నాడు. "అక్కా, ఇంకొక్క సాయం చెయ్యాలి. ఆదివారం వస్తాను. మీకు తోచింది పెట్టండి, ఏదైనా ఫరవాలేదు. మధ్యలో లేచి పోతానేమోనని నాకే భయంగా ఉంది. మీ మరిదిని గుమ్మానికి అడ్డంగా నిలబెట్టండి. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నన్ను బయటికి పోనివ్వకండి."