రెండు తెల్ల చొక్కాల వేసవి

ఏప్రిల్ మొదటి సోమవారం, పొద్దున 6.40. పంజగుట్టలో ఒక బట్టల షోరూం ముందు గేటు దగ్గర రిపోర్టు చేశాను. ఎండ అప్పటికే అద్దాల మీద పడుతోంది. నీడ లేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక వాకీటాకీ, ఒక రిజిస్టరు. పదిహేడేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా దిగినవాణ్ణి. మూడు వేసవులు రాజస్థాన్ ఇసుకలో గడిపినవాణ్ణి. ఈ గేటు నాకో లెక్కా అనుకున్నాను.

ఈ డ్యూటీకి ఎందుకొచ్చానో చెప్పాలి. మాది జగిత్యాల దగ్గర ఊరు. నా భార్య సుజాతకు సోమాజిగూడలో మోకాలి ఆపరేషన్ అయింది. మూడు నెలలు రోజూ సాయంత్రం నాలుగున్నరకు అక్కడే వ్యాయామం చేయించాలి. మానేస్తే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎస్.ఆర్. నగర్‌లో గది తీసుకున్నాం. ముందు గేటు డ్యూటీ ఏడు నుంచి మూడు. అది ఉంటే ఆమెను నేనే ఆటోలో తీసుకెళ్లగలను. సెల్లార్ పార్కింగ్ డ్యూటీ రెండు నుంచి పది. అది పడితే తీసుకెళ్లే మనిషి లేడు.

ఏజెన్సీ రెండు తెల్ల చొక్కాలు ఇచ్చింది. ఏడాదికి అవే.

అప్పుడు నేను చేసిన తప్పు ఫౌజీలు మాత్రమే చేస్తారు. మా యూనిట్లో చొక్కా కడక్‌గా నిలబడాలి. అలవాటు కొద్దీ చిక్కటి గంజి పెట్టాను. ఒకరోజు వేసుకున్న చొక్కాకే, ఉతక్కుండా, మర్నాడు పొద్దున్నే నా ఇస్త్రీపెట్టెతో నేనే ఇస్త్రీ చేసి మళ్లీ వేసుకునేవాణ్ణి. మడత నిలిచిందంటే చొక్కా శుభ్రంగా ఉన్నట్టే అని మా లెక్క. గది నుంచి అమీర్‌పేట మీదుగా గేటు దాకా నలభై నిమిషాల నడక. చేరేసరికి గంజి జిగురయ్యేది. రెండు వారాలకు చంకల కింద పసుపు వలయాలు తేలాయి.

మా సూపర్‌వైజర్ కాకినాడ వైపు మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి.

"ఏంటి హవల్దారు గారూ, చొక్కా మీద ఇండియా మ్యాపు వేయించుకున్నారా?"

నేను అటెన్షన్‌లో నిలబడ్డాను.

"ముందు గేటంటే షోరూముకి మొహమండీ. వచ్చే నెల మొదటి సోమవారం పై ఆఫీసరు చెకింగ్‌కి వస్తారు. అప్పటికీ మరకలుంటే మిమ్మల్ని సెల్లార్‌కి వెయ్యక తప్పదు. ఏమీ అనుకోకండి."

సంగతి పది నిమిషాల్లో సెల్లార్ గార్డుకు చేరింది. వాకీటాకీలో పిలిచాడు.

"ఫ్రంట్, సెల్లార్. అన్నా, ఈడ గాలే లేదు. మస్తు ఉడుకపోస్తుంది. నువ్వు మాత్రం దిగకు."

"రోజర్," అన్నాను.

మా సందులో ఇస్త్రీ బండి పెట్టుకున్న యాదమ్మకు చొక్కా చూపించాను. ఆమె వెలుతురుకు పట్టి చూసింది.

"చెమట మీదనే ఇస్త్రీ జేస్తున్నవా సారూ? మరక ఉడికి బట్టకు పట్టుకుంటది. గా గంజి సుత బంజెయ్యి."

"గంజి లేకపోతే చొక్కా నిలబడదమ్మా."

"చొక్కా నిలబడాల్నా, నువ్వు నిలబడాల్నా?"

ఆమె ఆర్డర్లు ఇచ్చింది. విప్పిన వెంటనే ఉత్త నీళ్లలో పిండాలి. మరక మీద వంటసోడా ముద్ద రాసి అరగంట ఉంచాలి. తిరగేసి నీడన ఆరేయాలి. ఆ తర్వాతే ఇస్త్రీ. "ఒక్కనాడు పోదు, జర ఓపిక పట్టు," అంది.

ఆర్డర్లు పాటించడం నాకు వచ్చిన పని. 5.00 స్నానం. 5.20 దాకా ఫ్యాను కింద ఒళ్లు ఆరబెట్టుకోవడం. 5.50కి బయలుదేరడం, ఒంటి మీద బనియన్, చేతిలో హ్యాంగర్‌కు చొక్కా. అమీర్‌పేటలో పొద్దున కోచింగ్ బ్యాచికి పోయే ఒక అమ్మాయి "ఇంటర్వ్యూకా అంకుల్?" అని అడిగింది. అలాంటిదే అన్నాను. 6.45కు గార్డు రూములో చొక్కా తొడగడం. 3.40కి గది చేరగానే చొక్కా బకెట్లో.

చేతికర్ర లేనిదే అడుగు వేయలేని సుజాత, మంచం మీద కాలు చాపుకుని నా కవాతంతా చూసేది. మూడో రోజు తన పాత నూలు చీర చింపి, నాలుగు మడతలేసి చంకపట్టీలు కుట్టింది. రోజూ తీసి ఉతకడానికి వీలుగా ప్రెస్ బటన్లు పెట్టింది.

"చెమట గీడనే ఆగుతది. చొక్కా దాంక రానియ్య," అంది.

చెకింగ్ రోజు పదకొండింటికి కరెంటు పోయింది. తలుపు తెరిచినప్పుడల్లా వీపుకు తగిలే చల్లగాలి కూడా పోయింది. సెల్లార్‌లో చీకటి కావడంతో రెండు గంటలు ఎండలో నిలబడి బండ్లు పక్కకు మళ్లించాను. 1.10కి ఆఫీసరు వచ్చాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"చేతులెత్తు."

సర్వీసు మొత్తంలో ఎవరి ముందూ చేతులెత్తలేదు. అక్కడ, కొనుగోళ్లకు వచ్చిన జనం ముందు, ఎత్తాను. ఆయన ఎడమ వైపు చూశాడు. కుడి వైపు చూశాడు. లోపల పట్టీలు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. నేను రోడ్డవతలి బోర్డు చదువుతూ నిలబడ్డాను.

"బాగుంది. దించు."

ఆయన వెళ్లగానే వాకీటాకీ గరగరలాడింది.

"ఫ్రంట్, సెల్లార్. ఏమైందన్నా?"

"ఫ్రంట్ ఫ్రంట్‌లోనే ఉంది."

"ఇగ ఫికర్ లేదు. నీళ్లు తాగు."

కుర్చీలో కూలబడ్డాను. ఫైరింగ్ ఆగాక కూడా అంత తేలిక పడ్డది గుర్తు లేదు.

సుజాత మూడు నెలల వ్యాయామం పూర్తయింది, జూలై మొదటి వారంలో ఉద్యోగం వదిలేశాను. ఏజెన్సీ స్టోరు మనిషి రెండు చొక్కాలూ తిరగేసి చూసి, వంక పెట్టకుండా తీసుకున్నాడు. మధ్యాహ్నం బస్సుకు జగిత్యాల వచ్చేశాం. పట్టీలు ఇప్పటికీ మా బీరువాలోనే ఉన్నాయి, పసుపెక్కి, అట్టలు కట్టి.

కానీ నన్ను వదలనిది ఊరికి బయలుదేరే ముందు రోజు సాయంత్రం. చొక్కా డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడన ఆరుతోంది. నేను స్నానంలో ఉండగా చినుకులు మొదలయ్యాయి. తువ్వాలుతోనే బయటికి పరుగెత్తాను. మంచం ఖాళీగా ఉంది. మెట్ల దగ్గర తలెత్తి చూశాను. సుజాత దిగి వస్తోంది. ఒక చెయ్యి గోడ మీద. రెండో చేతిలో చొక్కా, మెట్లకు తగలకుండా పైకెత్తి పట్టుకుంది.

"తడవలే," అంది.

నేను గదిలోకి తిరిగి చూశాను. ఆమె చేతికర్ర తలుపు వెనకాల గోడకు ఆనించే ఉంది.