చేతులు మాత్రం అబెలోన్‌వి

డెన్మార్క్‌లో, ఉత్తర జట్లాండ్ తీరంలో చేపలెండబెట్టుకుని బతికే అబెలోన్‌కు పెళ్లి కాలేదు. ఎందుకని ఊళ్లో ఎవర్నడిగినా ఒకటే మాట: "బొమ్మకు నిలబడింది కదా."

పడుచుతనంలో ఒక వేసవంతా నిలబడింది. కోపెన్‌హాగెన్ నుంచి వచ్చి సత్రంలో దిగిన చిత్రకారుడి ముందు, ఇసుక దిబ్బమీద, భుజాన వల, వట్టి కాళ్లు. మనసిచ్చిన లౌరిట్స్‌ను వాళ్లమ్మ ఇటు తొంగిచూడనివ్వలేదు. సత్రం వాళ్లమ్మాయి సీసెల్ అయితే చర్చి గుమ్మంలోనే అనేసింది: "ఏమే, రంగులు కడుక్కునే వచ్చావా? బల్లలకు అంటుకుంటాయేమో." ఆడవాళ్లంతా నవ్వారు. చివరికి తండ్రి అబెలోన్‌ను గడప దాటనివ్వలేదు. అప్పటికి బొమ్మలో ముఖం ఒక్కటే మిగిలింది. "ఫరవాలేదు, నీ ముఖం కళ్లు మూసుకున్నా వేయగలను" అని చిత్రకారుడు కబురంపాడు.

ఆ చలికాలమే లౌరిట్స్ సీసెల్‌ను చేసుకున్నాడు.

కొన్నాళ్లకు ఆ బొమ్మను జాతీయ చిత్రశాల కొన్నదని బడిపంతులు చెప్పాడు. ఇక ఎవరు ఎత్తిపొడిచినా అబెలోన్‌ది ఒకటే జవాబు: "రాజుల పక్కన వేలాడుతున్నదాన్ని. మీ మాటలు నాకో లెక్కా?" ముప్పై ఏళ్లు ఆ మాట మీదే బతికింది.

రాజధానిలో పనికి కుదిరిన మేనకోడలు ఇంగెర్ ఒకసారి ఆ బొమ్మ చూపించడానికి తీసుకెళ్లింది. చర్చికి వేసుకెళ్లే నల్లగౌను తొడుక్కుని, రాజుల, నౌకాధిపతుల బొమ్మలు దాటుకుంటూ పోయి, అబెలోన్ చివరి గదిలో ఆగింది. అదే దిబ్బ. అదే వల. చిన్నప్పుడు గాలం గుచ్చుకుని వంకరపోయిన చిటికెన వేలు కూడా అలాగే ఉంది.

ముఖం సీసెల్‌ది. ఎడమ కనుబొమ్మను చీల్చిన గాటుతో సహా.

"ఇందులో నువ్వెక్కడత్తా?" అంది ఇంగెర్.

"ఆ కాళ్లు నావి. చేతులూ."

"అమ్మా, కాస్త పక్కకు జరగండి, వెనకవాళ్లకు బొమ్మ కనబడట్లేదు" అన్నాడు కాపలావాడు.

జరిగింది.

తిరిగొచ్చిన మర్నాడు, ఎన్నడూ ఆ గడప తొక్కని సీసెల్ కేకు పట్టుకుని వచ్చింది. అబెలోన్ కాఫీ పోసింది.

"చూశావా?"

"చూశాను. చేతులు నావే."

సీసెల్ చక్కెర కలుపుతూనే ఉంది. ముఖం మాట ఎత్తలేదు. ఆ వేసవిలో రోజూ పొద్దున్నే సత్రంలో చిత్రకారుడి గదికి కాఫీ పట్టుకెళ్లింది ఎవరో అబెలోన్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

"నీకు తెలుసు. తెలిసే ఇన్నాళ్లూ నన్ను నవ్వులపాలు చేశావు."

"నాకప్పుడే పెళ్లి కుదిరింది, అబెలోన్. ఏం చెయ్యమంటావు?"

"భయపడకు. చెప్పనులే. చెబితే నీకు పరువు పోతుంది, నాకు బొమ్మ పోతుంది."

సీసెల్ లేచి వెళ్లిపోయింది. కేకు ముక్కలు చేసి అబెలోన్ కోళ్లకు వేసింది.