భార్య వెనక నడిచిన పాస్టరుగారు

మా పాస్టరుగారు పోయారన్న కబురు చింతపల్లి నుంచి వచ్చిన జీపు డ్రైవరు చెప్పాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. కాఫీ పళ్ళు కోస్తున్నవాళ్ళం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం. మా అత్త మాత్రం బుట్ట కింద పెట్టి నా వైపు చూసింది. "సూసినావా? పెళ్ళాన్ని ముందు నడిపించినాడు, తానే ముందు ఎల్లిపోనాడు," అంది. నా చేతిలో పళ్ళు నేలపాలయ్యాయి. ఏరుకోవడానికి వంగబుద్ధి కాలేదు.

ఈ మాట మీకు అర్థం కావాలంటే మా దారుల సంగతి చెప్పాలి. కొండ మీద దారి ఒక్క మనిషి పట్టేంతే ఉంటుంది. మగవాడు కత్తి పట్టుకుని ముందు, ఆడది మోపెత్తుకుని వెనక. ఆడది ముందు నడిస్తే మొగుడి ఆయువు తరుగుతుందని మా పెద్దల భయం. చర్చికి వచ్చినప్పుడు చెప్పులు బయట వదులుతారు గానీ ఆ భయాన్ని లోపలికే తెచ్చుకుంటారు.

పాస్టరుగారు మాత్రం సంతకైనా, ప్రార్థనకైనా అమ్మగారిని, అంటే తన భార్యని, ముందు నడవనిచ్చి తాను వెనక వచ్చేవారు. మోపు ఉంటే ఆయన నెత్తిమీదే. కుర్రకారు నవ్వుకునేవారు. పెళ్ళి చేశాక కొత్త జంటను కూడా అలాగే చర్చి గుమ్మం దాటించేవారు. నా పెళ్ళిలో మా అత్త అడ్డం పడింది. అప్పుడు ఆయన తన సంగతి చెప్పారు.

"పెళ్ళయిన కొత్తలో నానూ ముందే నడిసినాను. దానికి అయిదో నెల. కబుర్లు సెప్పుకుంటా దిగుతన్నాను. గెడ్డ నీళ్ళ కాడ ఎనక్కి తిరిగితే మనిసి నేదు. ఎక్కడో పైన జారి లోయలో పడిపోనాది. అది బతికింది గానీ బిడ్డ దక్కనేదు. సెప్పప్పా, నాను అంతసేపూ ఎవులితో మాటాడినాను?" అని మా అత్తనే అడిగారు.

తర్వాత మెల్లగా అన్నారు: "మొగుడు పెళ్ళానికి తల అని బైబుల్లో సదువుకుంటాం. తలంటే ముందు నడిసేది కాదు. ఒంట్లో ఎక్కడ నొప్పెట్టినా బేగి తెలవాల్సింది తలకే."

నేను ముందుగా గుమ్మం దాటాను. ఆయన లేకపోతే కాపురమంటే మోపు మోయడమనే అనుకుని బతికేదాన్ని.

అమ్మగారికి జలుబు చేస్తే ఆయనే పొయ్యి దగ్గర కూర్చుని మిరియాల చారు కాచేవారు. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. అమ్మగారు మాట్లాడకుండా తాగేసేవారు. "బాగున్నట్టు అమ్మగారు నటిత్తన్నారు అయ్యగారూ," అని నేను ఆటపట్టిస్తే, "నాకు తెలుసే గుంటా. అది బాగుందని ఒక్కనాడూ అననేదు, తాగింది," అని నవ్వేవారు.

కిందటి వానాకాలం మా ఆయనకు మలేరియా తలకెక్కింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో నన్ను గుర్తుపట్టలేదు. బతికొచ్చాడు గానీ ఆయాసం మిగిలింది. నేను ముందు నడవబట్టే ఇదంతా అంది అత్త. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ నమ్మాను. అప్పట్నుంచి ఆయన వెనకే నడిచాను.

పాస్టరుగారు ఒకరోజు దారిలో మమ్మల్ని చూశారు. "బయపడ్డావేటే?" అని అడిగారు. తలూపాను. ఆయన కోప్పడలేదు.

"నానూ రోజూ బయపడతన్నాను. అందుకే నా పెళ్ళాం కంటికి కనపడేలాగ ఎనక నడుత్తన్నాను," అన్నారు. నాకు ఆయన చెప్పిన చివరి మాట అదే. ఆ రోజు ఆ మాట విన్నాక కూడా మా ఆయన వెనకే వెళ్ళిపోయినందుకు ఇప్పుడు కుమిలిపోతున్నాను.

సమాధి చేసి తిరిగి వస్తుంటే పట్టపగలే మంచు కమ్మేసింది. అమ్మగారు అందరికంటే ముందు నడుస్తున్నారు. ఆమె వెనక దారి ఖాళీగా ఉంది. అక్కడికి వెళ్ళడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎనకుండు. నా కొడుకుని బతకనీ," అంది. నాకు కోపం రాలేదు, జాలేసింది.

మా ఆయన ఆ చెయ్యి మెల్లగా విడిపించాడు. దారి పక్కకు తొలగి నిలబడి, "ఒలే, ముందు నడు," అన్నాడు.

నడిచాను. వెనక ఆయన ఆయాసం వినిపిస్తూనే ఉంది. మలుపు తిరిగాక వినిపించలేదు.

"ఉన్నావా?" అని కేకేశాను.

"ఉన్నానే. నడు."

ఆ గొంతు నేననుకున్నంత దగ్గర్నుంచి రాలేదు. మంచులోంచి మనిషి కనిపించేదాకా వెనక్కి తిరిగి అక్కడే నిలబడ్డాను.