మూడు అంగుళాలు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు చింతచెట్టు మొదలు చుట్టూ తాడు వేశాం. అరవైల మొదట్లో మాట. మనుబోలు దగ్గర బడిలో నేను అప్పుడే మాస్టరుగా చేరాను. చర్చి యువజన సంఘం పిల్లలు ఆరుగురు నా వెంట ఉన్నారు. రోడ్డు పక్కనున్న ముసలి చెట్ల పేర్లు, చుట్టుకొలతలు రాసి పంపమని రోడ్ల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఎందుకో అందులో లేదు. కాపాడటానికే అనుకున్నాం.

ఆ చింత కింద ఒక ముసలి సాయిబు బండి చక్రాలు చేసేవాడు. చెక్క ఎండలో ఉంటే పగులుతుంది. ఆ నీడే ఆయన కొట్టం. మా టేపు చాలకపోతే, చక్రాలు కొలిచే తన తాడు ఇచ్చాడు.

"బిగించబాక రా. పెళ్లికూతురి నడుమనుకున్నావా?" అన్నాడు తాడు పట్టిన కుర్రాడితో.

"చక్రానికైతే గింజంత వదులున్నా ఒప్పుకోవు గదా తాతా."

"చక్రం ఊరూరా తిరిగేది. ఇది యాడికి పోతుంది? పెద్దదని రాసుకోండి అయివోరా. పెద్ద చెట్టు జోలికి ఎవురూ రారు."

బిగిస్తే పద్నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు. వదిలితే పదిహేను అడుగులు. పదిహేనని రాసి సంతకం పెట్టాను.

వానలు తగ్గాక చింతకు సున్నపు గీత పడింది. రోడ్డు వెడల్పు చేస్తారట. చుట్టుకొలత పదిహేను అడుగులు, ఆపైన ఉన్నవి కొట్టాలని ఉత్తర్వు. నేను ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా మా జాబితా తీశాడు.

"ఈ సంతకం మీదేనా మాస్టారూ?"

"నాదే. అంకె తప్పు రాశాను. ఒకసారి వచ్చి కొలవండి."

"కొట్టమని ఉత్తర్వుంది గానీ, కొలవమని లేదు గదండీ."

అతను కసురుకోలేదు. కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. తాగి లేచాను.

తిరిగి వచ్చి సాయిబుకు అంతా చెప్పాను. ఆయన చేస్తున్న పని ఆపలేదు.

"తాడు నాదే గదా అయివోరా," అన్నాడు.

చెట్టు కొట్టడానికి మూడు రోజులు పట్టింది. ఆయన ఇంటి వెనక తాటాకు పందిరి వేసుకున్నాడు. మధ్యాహ్నం ఎండ పక్కనుంచి లోపలికి వచ్చేది. ఆ ఏడు రెండు చక్రాలు పగిలాయి. మరుసటి ఏడు బండ్లవాళ్లు గూడూరుకు పోవడం మొదలుపెట్టారు. మేము బిగించి కొలిచి, పదిహేనుకు తక్కువ రాసిన పక్క చెట్టు మాత్రం చాలా ఏళ్లు ఉంది.

కొన్నేళ్లకు సాయిబు చనిపోయాడు. తాడు ఏమైందో నేను అడగలేదు. ఆ రోడ్డు పక్కన ఇప్పుడు ఎవరూ చక్రాలు చేయడం లేదు.